ఇంకోదాంట్లో బావ

మా బావ దేన్నీ ఒక్కదాంట్లో చూసి నమ్మడు. అక్క మొగుడు కాబట్టి మర్యాదగా చెబుతున్నాను. పరాయివాడైతే దీనికి వేరే పేరు పెట్టేవాణ్ణి.

కళ్లజోడు కొనడానికి వెళ్తే కొట్లో అద్దంలో చూసుకుంటాడు, ఎదురు కొట్టు అద్దంలో చూసుకుంటాడు, వీధిలో ఆగి ఉన్న కారు అద్దంలోకి వంగి మరీ చూసుకుంటాడు. కారులో ఎవరైనా కూర్చుని ఉంటే "బాగుందాండీ?" అని అడుగుతాడు. ఒకసారి అక్కకి జ్వరం వస్తే మూడు థర్మామీటర్లు పెట్టాడు. మూడూ మూడు రకాలుగా చెప్పాయి. "నాలుగోది తెస్తానుండు" అని లేచాడు. "తే. కొరికి పారేస్తాను" అంది అక్క.

మేమిద్దరం ఒకే ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేస్తాం. నన్ను అక్కడ పెట్టించిందీ ఆయనే, నేను ఉండేదీ ఆయన ఇంట్లోనే. ఇంక తప్పించుకునేదెక్కడ? పేజీ తయారుచెయ్యడం నా పని, అది సరిగ్గా నడుస్తోందో లేదో చూడటం బావ పని. ఎంత ముచ్చటైన పేజీ చూపించినా "బాగుంది" అన్న పాపాన పోడు. "ఇంకోదాంట్లో చూశావా?" అంటాడు. అంటే ఇంకో బ్రౌజరులో అని. చివరికి ఆఫీసులో ఆయన పేరే ఇంకోదాంట్లో అయిపోయింది. "ఇంకోదాంట్లో గారు ఉన్నారా?" అని ఎవరైనా ఫోను చేస్తే "ఆఁ, చెప్పండి" అనేవాడు.

ఆ రోజుల్లో నాకు సాయంకాలం నడిచే ఒక కాలేజీవాళ్ల పని తగిలింది. నర్సులకి సహాయంగా ఉండేవాళ్ల కోర్సు. పగలు పని చేసుకునేవాళ్లు కూడా చేరొచ్చు. నలభై సీట్లు. సోమవారం ఉదయం పదింటికి దరఖాస్తు పేజీ తెరుస్తారు, ముందు నింపినవాళ్లకే సీటు. ఆ సమయానికి పేజీ మొండికేస్తే ఎవరికో ఒక ఏడాది పోయినట్టే. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను.

శుక్రవారం బావ ముందు కాలర్ ఎగరేశాను.

"ఈసారి నువ్వు నోరెత్తలేవు బావా. నాలుగు బ్రౌజర్లలో చూశాను."

"ఏవేవి?"

చెప్పాను. బావ నెత్తి కొట్టుకున్నాడు.

"నాలుగిట్లోనూ లోపలి ఇంజను ఒకటేరా! ఒకే మనిషికి నాలుగు చొక్కాలు తొడిగి, నలుగురొచ్చారంటావేం?"

నిజమే. బ్రౌజరు పేరూ రంగూ అంతా పైపై సోకు. పేజీని చదివి తెరమీద గీసి చూపించేది లోపలుండే ఇంజను. బయట పాతిక పేర్లున్నా లోపల ఇంజన్లు రెండో మూడో. ఆ ముక్క నాకూ తెలుసు. హడావుడిలో మర్చిపోయాను.

"అందరం ఒకదాంట్లోనే చూసుకుంటూ కూర్చుంటే దాని తప్పే మనకి ఒప్పులాగా కనిపిస్తుంది. సరే, ఫోనులో చూశావా?"

"చూశాను. డెవలపర్ టూల్స్‌లో."

డెవలపర్ టూల్స్ అంటే పేజీ పొట్ట విప్పి లోపలేముందో చూసుకునే పనిముట్లు. అందులో ఒక గుర్తు నొక్కితే కంప్యూటరు తెరమీద పేజీ ఫోనంత అయిపోతుంది.

"అది ఫోను కాదురా, ఫోను వేషం. పెళ్లికొడుకు వేషం వేశాడు కదా అని నాటకాలవాడికి పిల్లనిచ్చేస్తావా?"

ఈ గోల విని మేనేజరు వచ్చాడు. ఆయన వేలికొసల మీద ఎప్పుడూ అంకెలుంటాయి.

"ఏవిటండీ?"

"కొన్ని పాత ఫోన్లలో వేరే ఇంజను ఉంటుంది సార్. దాంట్లో చూడలేదు."

"అవి వాడేవాళ్లు నూటికి ఇద్దరు కూడా ఉండరు."

"ఆ ఇద్దరూ సోమవారం పదింటికి ఏం చెయ్యాలి సార్?"

"ఇంకో ఫోను చూసుకోవాలి! కాలేజీవాళ్లే బ్రహ్మాండంగా ఉందన్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?"

బావ మారు మాట్లాడలేదు. నాకు భయం వేసింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆయన. నోరు మూసుకున్నాడంటే ఏదో తలపెట్టాడన్నమాటే.

అనుకున్నంతా అయింది. ఆదివారం భోంచేసి నేను అలా కన్ను మూశానో లేదో, వచ్చి కుదిపేశాడు.

"లేరా. పుట్టిన తేదీ గడి తెరుచుకోవడం లేదు."

"ఎందులో?"

"ఒక ఫోనులో."

"ఎవరి ఫోను?"

"ఎవరిదైతే నీకెందుకు? లే ముందు!"

నిద్ర పాడుచేసినవాణ్ణి ఎన్ని తిట్టుకోవచ్చో అన్నీ తిట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. తేదీ కోసం నేను సోకుగా ఒక క్యాలెండరు పెట్టాను. ఆ ఇంజనుకి అది మింగుడుపడలేదు. నేను నమూనా పేజీలో ఏదో మార్చడం, బావ వీధిలోకి పరిగెత్తడం, పావుగంటకి ఆయాసపడుతూ వచ్చి "ఊహూఁ, తెరుచుకోలేదు" అనడం. నాలుగుసార్లు ఇదే వరస. ఐదోసారికి నాకు తిక్క రేగి, క్యాలెండరు పీకేసి, అంకెలు వేసుకునేందుకు మామూలు గళ్లు మూడు పెట్టి పారేశాను.

ఈసారి బావ పరిగెత్తలేదు, నింపాదిగా నడిచి వచ్చాడు. "పని చేసింది" అని కుర్చీలో కూలబడ్డాడు.

"చెప్పకుండా మార్చినందుకు మేనేజరు తిడతాడు బావా."

"నన్నే తిడతాడులే. పడుకో."

సోమవారం పది దాటి పావుగంట కాకుండానే నలభై సీట్లూ నిండిపోయాయి. మేనేజరు తిట్టాడు కూడా, బావనే.

సాయంత్రం నా సంచీ జిప్పు బాగుచేయించుకుందామని మా వీధి చివర కుట్టుమిషను అక్క కొట్టుకి వెళ్లాను. ఆవిడ మొహం చాటంత చేసుకుని, "తమ్ముడూ, ఇది కాస్త చదివి పెట్టు. సరిగ్గానే చదివానా అని అనుమానం" అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. తెర మూల పగిలిన పాత ఫోను. నేనెన్నడూ పేరు వినని బ్రౌజరు. అందులో నేను తయారుచేసిన పేజీ. దరఖాస్తు అందింది, వరస సంఖ్య ముప్పై ఎనిమిది.

"అక్కా! మీరా?"

"నలభై రెండేళ్లకి కాలేజీ ఏవిటని నవ్వుతారని ఎవ్వరికీ చెప్పలేదయ్యా. మీ బావగారి దగ్గర నోరు జారాను. ఎక్కడా అనొద్దని ఒట్టు వేయించుకున్నాను."

మరి మేనేజరు అన్నేసి మాటలంటుంటే ఆయన నోరెలా విప్పుతాడు! ఇంకో ఫోను వెతుక్కునేలోపు ఆవిడ సీటు గాలికి పోయేది.

"నిన్న ఒక్కరోజే ఆరుసార్లు వచ్చాడు" అందావిడ. "ఉత్త చేతుల్తో వస్తే పక్క కొట్లవాళ్లు ఎందుకని అడుగుతారని ఒక నల్ల ప్యాంటు పట్టుకొచ్చేవాడు. ఓసారి వదులు చెయ్యమంటాడు, ఓసారి బిగించమంటాడు. నేను కుడుతూ ఉంటే నా ఫోను తీసుకుని ఏదో నొక్కుకునేవాడు. ఆ ప్యాంటు ఇంక తేవద్దని చెప్పు నాయనా, కుట్టడానికి అందులో గుడ్డ మిగల్లేదు. ఊరికే వచ్చి కూర్చోమను."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఆయన మీద బోలెడంత ఇష్టం పొంగుకొచ్చింది. ఇంటికి వెళ్లేసరికి బావ నల్ల ప్యాంటులో నిలబడి టీ తాగుతున్నాడు.

"కూర్చో బావా."

"వీలుపడదురా" అన్నాడు నడుము పట్టుకుని.

కుట్టుమిషను అక్క చెప్పమన్నది చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఊరికే ఎలా వెళ్తానురా? ఎవరైనా అడిగితే ఏం చెప్పను? పైగా వచ్చే వారం సీట్ల జాబితా పేజీ పెడుతున్నావు కదా, అది కూడా ఆవిడ ఫోనులో చూడాలి."

మర్నాడు పొద్దున్నే కిటికీలోంచి చూస్తే బావ వీధి చివరికి నడిచిపోతున్నాడు. చేతిలో ఒక చొక్కా ఉంది. నాది, కొత్తది.