మూడు స్వరాలు, తిన్నగా

నాకు వచ్చిన పేరులో ఒక దొంగతనం ఉంది. ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఇది రాయిస్తున్నది భయమా, సంతోషమా? రెండూనేమో.

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపు పైన మా వయొలిన్ క్లాసు. ఎల్బీ నగర్ నుంచి వచ్చే మేరీ నా పక్కన కూర్చునేది. మా సంగీతంలో స్వరం ఊగాలి, ఆ గమకమే ప్రాణం. మేరీ స్వరం ఊగేది కాదు. నానమ్మ చర్చిలో పాడే ప్రార్థనలు వింటూ పెరిగిన చెయ్యి, గీత గీసినట్టు పోయేది. "కర్రలా వాయిస్తావేంటమ్మా" అనేవారు మాస్టారు. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు బస్‌స్టాపులో ఆ నానమ్మ ప్రార్థనొకటి కూనిరాగం తీసి వినిపించింది. మూడే స్వరాలు, ఊపిరి పీల్చుకునేంత మౌనం, మళ్లీ అవే. నా ఒళ్లు జలదరించింది. ఇంటికెళ్లి దాన్నే వయొలిన్లు, మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించే చెల్లోలు ఉన్న మా బృందానికి రాసేశాను. కింద చెల్లోలు ఒకే స్వరం పట్టుకుంటాయి, పైన వయొలిన్లు ఆ మూడూ వాయిస్తాయి. "గమకం వద్దు" అని పైన రాసిందీ నేనే. గుడిలో కూర్చుంటే తోచిందని చెప్పాను. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. మేరీ వాయిస్తే కర్ర. నేను రాస్తే ధ్యానం.

కచేరీలో మేరీ చివరి వరుసలో కూర్చుని వాయించింది. అయ్యాక మెట్ల దగ్గర ఆపింది.

"గిది మా నానమ్మది గదనే?"

"మూడు స్వరాలేగా మేరీ, ఎవరివైనా కావచ్చు."

"అయితే మాస్టారుకు జర చెప్పు. గవే నేను వాయిస్తే కర్ర అన్నడు."

నవ్వింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడగలేదు కదా అని నేను ఊరుకున్నాను. ఆమె అడిగింది ఒక్కసారే అయినా, అది వాయించిన ప్రతిసారీ నేను నిజం దాచినట్టే కాదా?

రేపు సాయంత్రం బృందం మళ్లీ దాన్నే వాయిస్తోంది. ముందు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మేరీ ఇంకా చివరి వరుసలోనే. ఇందాక మా పాపను నిద్రపుచ్చుతూ తెలియకుండానే ఆ స్వరాలు పాడాను. పాప తిరిగి పాడింది, తిన్నగా, అస్సలు ఊగకుండా.

"ఎవల పాట అమ్మా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దీనికి కూడా చెప్పనా?

"మేరీ ఆంటీ వాళ్ల నానమ్మది."

అంతే. రేపు మైకులో ఇదే చెబుతాను. మేరీ లేచి వెళ్లిపోవచ్చు, మాస్టారు మొహం తిప్పుకోవచ్చు. అయినా తెల్లారడం కోసం ఇంత ఆత్రంగా ఎదురుచూసి ఎన్నాళ్లయిందో.

ఒక్కటి తట్టింది. ఆ నానమ్మ పేరేంటో నాకు తెలియదు. ఇన్నేళ్లలో అడగలేదు. పొద్దున్నే పాపను చంకనేసుకుని ఎల్బీ నగర్ వెళ్లి, ముందు మేరీని అదే అడగాలి.