గట్టు మీద వదిన పిలుపు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్లుంటాయేమో, మా పక్కింటి పెద్దమ్మ తన కొడుక్కి పర్లాకిమిడి అవతలి పల్లె నుంచి పిల్లని తెచ్చుకుంది. దూరపు చుట్టరికమే గానీ ఆ వదిన పుట్టి పెరిగిందంతా ఒడియాలోనే. తెలుగు ముక్క రాదు. వంశధార ఒడ్డున మా ఊళ్లో అలాంటి కోడళ్లు కొత్తేమీ కాదు. రెండేళ్లు తిరిగేసరికి ఎవరికైనా మాట వచ్చేసేది. ఈ వదిన అంతవరకూ ఆగలేకపోయింది. అత్తతో ఏది చెప్పాలన్నా నన్ను కేకెయ్యాలి మరి. మా అమ్మమ్మ పుణ్యమా అని నాకు కాస్త ఒడియా వచ్చు.

మధ్యాహ్నాలు పెరట్లో కూర్చుని, చింతపండు పిక్కలు తీస్తూ నాచేత తెలుగు చెప్పించుకునేది. మాటలు తొందరగానే పట్టింది గానీ 'పెట్టు' దగ్గర చిక్కుపడింది. దీపం పెట్టడం, బొట్టు పెట్టడం, గడియ పెట్టడం, ఊరగాయ పెట్టడం, పిల్లకి పేరు పెట్టడం. నేను చెప్పే ప్రతిదాన్నీ చేసి చూపించేది. లేని పిల్లకి పేరు పెట్టి నా చెవిలో ఊదేది కూడా. ఒకరోజు నవ్వాపుకోలేక అడిగింది.

"కోడి గుడ్డు పెట్టినాది, అత్త పేచీ పెట్టినాది. రెండూ ఒకటేనా, పాపా?"

"ఒకటే వదినా. కాపోతే గుడ్డు తినొచ్చు" అన్నాను.

ఊడుపులు వచ్చాయి. మా ఊళ్లో కొత్త కోడలు మొదటి ఏడు మడిలో దిగదు. నాట్లు వేసేవాళ్లకి వండిన కూడు గట్టు మీదికి తెచ్చి, అందరూ వింటుండగా తానే అత్తని పిలిచి, ముందు ఆమెకి వడ్డించాలి. ఆ పిలుపుతో ఆ పిల్ల ఇంటిమనిషి అయినట్టు. దానికోసం వదిన నాలుగు రోజులు నా దగ్గర వల్లె వేసింది. ఆ పూట నన్ను మధ్యలోకి రానివ్వకూడదని ఆమె పట్టుదల.

గట్టు మీద తపేలా దించి, కొంగు సర్దుకుని, గొంతెత్తి పిలిచింది.

"అత్తా, అన్నం పెట్టినాను, రండి."

ఒక్క తప్పు లేదు. యాస మాత్రం ఒడియాది. వరసగా వంగిన ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. అత్త ఇంకా నోరు విప్పనేలేదు. నాకేం బుద్ధి పుట్టిందో, "ఒత్తా, ఒన్నొం పెట్టినోను, రొండి!" అని అచ్చం వదిన గొంతుతో అరిచాను.

మడంతా ఘొల్లుమంది. "ఓలమ్మో, ఈ గుంటని సూడండే, దించేసినాది! మళ్లీ అనే, మళ్లీ అను" అన్నారు. మళ్లీ అన్నాను. అత్త కూడా నవ్వుకుంటూనే వచ్చి ఆకు ముందు కూర్చుంది. పిలిచిన కోడలికి బదులు మాత్రం ఎవరూ పలకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను గట్టు మీద జారితే వదినే చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చాక తన వాటా చేప ముక్క నా కంచంలో వేసింది. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి పెరట్లోకి పిలవలేదు. అత్తతో సైగలతోనే గడుపుకుంది. ఏడాది తిరక్కుండా అన్నయ్యకి విజయనగరం వైపు జూట్ మిల్లులో పని దొరికి వెళ్లిపోయారు. వెళ్లేనాడు నా తల నిమిరింది. తప్పయింది వదినా అనడానికి నాకు తెలుగూ వచ్చు, ఒడియా వచ్చు. రెండింట్లోనూ అనలేకపోయాను.

ఇప్పుడు మా వీధిలో గచ్చు రాళ్లు పరిచే పనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మంచినీళ్లడగడానికి వాళ్లు మాటలు కూడబలుక్కుంటుంటే మా మనవలకి నవ్వొస్తుంది. మనవల్ని కసిరి, ఆ మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా నిలబడి వింటాను. ఎంతమంది దగ్గర అలా నిలబడినా, వదిన దగ్గర నా తప్పు తప్పులాగే ఉండిపోయింది.