గబ్బిలం చేతుల జాకెట్టు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. వాన పడితే కోపం, అరకు వెళ్ళే జీపులో కిటికీ పక్కన చోటు దొరక్కపోతే కోపం, ఇంట్లోవాళ్ళు నన్ను మిరపకాయ అంటే కోపం, అనకపోతే మరిచిపోయారేమోనని ఇంకో కోపం. వాటిలో చాలామటుకు ఉత్త పొగరే. కానీ ఒక్క కోపం మాత్రం న్యాయమైనదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. అది ఒక జాకెట్టు చేతుల మీద వచ్చింది. తలచుకుంటే ఈ క్షణానికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఊరి ఆడవాళ్ళ ధింసా నాట్య బృందానికి మా మేనత్త పెద్ద. ధింసా చూడనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. ఒకరి పక్కన ఒకరు వరసగా నిలబడి, పక్కామె వీపు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి అవతలామె చెయ్యి పట్టుకోవాలి. అలా అల్లుకున్న వరస మొత్తం ఒకే ఒంటిలా కదలాలి. ఆ వరసలో నా పక్కన మా పెద్దమ్మ ఆడేది. ఆమెకు చూపు మందగించి అప్పటికి చాలాకాలమైంది. దీపాలు ఎదురుగా ఉంటే అసలేమీ కనిపించేది కాదు. అయినా రెండు పక్కలా చేతులు దొరికాయంటే ఒక్క అడుగు తప్పేది కాదు. ఆ సంగతి మాకు తప్ప ఎవరికీ తెలియదు. "సెప్పీకండే, తెలిస్తే నన్ను ఒగ్గేసి ఎల్లిపోతారు" అని మా అందరిచేతా ఒట్టు వేయించుకుంది.

ఆ ఏడు సముద్రం ఒడ్డున పెద్ద స్టేజి మీద ఆడమని మాకు పిలుపు వచ్చింది. మా కోసం నిర్వాహకులు ఒక డిజైనర్ బాబును కూడా పంపారు. అతను ధింసా గురించి ఫోనులో బోలెడంత చూశానన్నాడు. (ఏం చూశాడో ఆ దేవుడికే తెలియాలి.) తెచ్చినవి గబ్బిలం చేతుల జాకెట్లు. చెయ్యి నడుము దగ్గరే మొదలై, చంక కింద సంచిలా వేలాడి, పోనుపోను సన్నబడి మణికట్టు దగ్గర బిగిసిపోతుంది. నిజం చెప్పొద్దూ, నాకు తెగ నచ్చాయి. అద్దం ముందు రెండు చేతులూ చాపి చూసుకుంటుంటే అత్త వచ్చి నిలబడింది.

"ఏటే అది? గోనె సంచికి సేతులు కుట్టినట్టుంది."

"ఫ్యాషన్ అత్తా!"

"ఫ్యాషనేటి! అందులో ఇద్దరు పట్టీలాగున్నారు."

అసలు గొడవ రిహార్సల్లో మొదలైంది. అందరం చేతులు వెనక్కి అల్లుకోగానే ఆ గుడ్డంతా వీపుల వెనక కుప్ప పడింది. ముందు నుంచి చూస్తే చేతులే లేవు. డిజైనర్ బాబు తల పట్టుకున్నాడు. "అయ్యో, నా స్లీవ్స్ కనిపించట్లేదమ్మా! చేతులు వదిలేయండి. పైకెత్తి ఊపండి, పక్షుల్లాగా!" అన్నాడు.

"సేతులొగ్గేత్తే అది ధింసా ఎలగవుద్ది బాబూ?" అంది అత్త.

"కొంచెం అడ్జస్ట్ అవ్వండమ్మా. కాదంటే వేరే టీమ్‌ని పెట్టుకుంటాం."

అత్త పెద్దమ్మ వైపు చూసింది. అసలు కారణం చెబితే పెద్దమ్మను పక్కన పెట్టేస్తారు. చెప్పకపోతే పక్షులమై ఎగరాలి. అంత నోరున్న మా అత్త ఆ పూట సరేనని తలూపింది. తన గుడ్డ కనిపించడం కోసం మా చేతులు విడదీయడానికి ఇతనెవరు? అద్దం ముందు మురిసిపోయిన నా ముఖం మీద కూడా నాకే కోపం వచ్చింది.

స్టేజి ఎక్కాం. కళ్ళు బైర్లు కమ్మే లైట్లు. తుడుము డప్పు మోగింది, చేతులు విడిపోయాయి, అందరం రెక్కలు ఊపాం. దాని మోత స్పీకర్ పెట్టెల్లోంచి నాలుగు పక్కలా వినిపించేసరికి పెద్దమ్మకు దిక్కు తెలియలేదు. నవ్వుతూ, అడుగు తప్పకుండా, తిన్నగా స్టేజి అంచు వైపు ఆడుకుంటూ వెళ్ళిపోతోంది. నేను ఎగిరి ఆమె చెయ్యి అందుకోబోయాను. చెయ్యి దొరకలేదు, గుడ్డ దొరికింది. చంక దగ్గర నుంచి పర్రున చిరిగి నా పిడికిట్లోకి వచ్చేసింది. పెద్దమ్మ ఇంకో అడుగు వేసింది. ఈసారి మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగాను. అంచు ఆమె కాలి ముందే ఉంది.

అంతే, నాలో ఉన్న మిరపకాయలన్నీ ఒక్కసారి పేలాయి. చిరిగిన గుడ్డ పైకెత్తి, స్టేజి పక్కన నిలబడ్డ డిజైనర్ బాబు మీద ఎగబడ్డాను. "నీకు సేతులు కనపడాలా? ఇదిగో, సూడు! ఇంటికి అట్టుకుపో! మా సేతులు మాకొగ్గీ!" మైకు దగ్గరలోనే ఉంది. నా అరుపు సముద్రం దాకా వెళ్ళింది. జనం అది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఈలోగా అత్త వచ్చి పెద్దమ్మ రెండో చెయ్యి అందుకుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే అల్లుకున్నారు. ఆట సాగింది. గబ్బిలాలన్నీ మళ్ళీ వీపుల వెనక్కి పోయాయి.

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బస్సులో పెద్దమ్మ నా చెవిలో అడిగింది. "ఏటే గుంటా, నా కళ్ళ సంగతి ఆల్లకి తెలిసిపోనాదా?"

ముందు సీటులోంచి అత్త వెనక్కి తిరిగింది. "నీకేసి ఎవులు సూసినారే! అందరూ దీన్నే సూసినారు. ఆ కోపిష్టి గుంటని ఇంకెప్పుడూ తేవొద్దన్నాడు ఆ బాబు."

మరుసటి ఏడు ఆటకు పెద్దమ్మ వెళ్ళింది, నన్ను తీసుకెళ్ళలేదు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి ఆమె నేనున్న వైపు కాకుండా ఇంకో వైపుకు చెయ్యి ఊపింది. నేను పరుగెత్తి ఆ వైపు వెళ్ళి నిలబడ్డాను.

ఇప్పుడు పాడేరులో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. కోపం వస్తే ఫోనులో పొడుగ్గా మెసేజ్ టైప్ చేసి, రెండుసార్లు చదువుకుని, చెరిపేసి, 'ఓకే సార్' అని పంపుతాను. బుద్ధిమంతురాలినని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెసేజ్‌లు అప్పటి ఆ మిరపకాయ పిల్ల కంట పడితే ముందు నన్నే నాలుగు దులిపేది. తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కసారి వచ్చి దులిపి పోతే బాగుండుననీ అనిపిస్తుంది.