పత్తి కుప్ప మీద ఆరేసిన చీర

ఒక చీర, ఒక ట్యూబు సొల్యూషన్, ఇంటి నిండా పత్తి. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి మధ్యలో నాలాంటిదాన్ని వదిలితే ఏమవుతుందో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. చదివాక నా మీద జాలి పడకండి. ఆ జాలంతా మా వదినకు దాచిపెట్టండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆడవాళ్లందరికీ రాళ్ల పిచ్చి పట్టింది. చీర మీద రాళ్లు, జాకెట్టు మీద రాళ్లు, చెప్పుల మీద రాళ్లు, ఆఖరికి జడక్లిప్పుల మీద కూడా. నేనప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. నా రూమ్మేటు తన చున్నీకి రాళ్లు అతికిస్తుంటే పక్కన కూర్చుని చూశాను. చూశాను, అంతే. కానీ క్రిస్మస్ సెలవులకు ప్రత్తిపాడు దగ్గర మా ఊరు చేరేసరికి ఆ చూడటం కాస్తా విద్య అయిపోయింది. పట్నం బజారులో కొన్న రాళ్ల ప్యాకెట్లూ, గుడ్డకు వాడే గమ్ము ట్యూబూ సంచిలో వేసుకుని, పెద్ద డిజైనర్‌లా బస్సు దిగాను.

చేతిలో విద్య ఉంది, మరి చీర ఏది? మా అన్నయ్యకు ఆ వేసవిలోనే పెళ్లయింది. సునీత వదినకు మా ఇంట్లో అదే మొదటి క్రిస్మస్. వాళ్లమ్మ చిలకలూరిపేట నుంచి ముదురు నీలం రంగు జార్జెట్ చీర పంపింది. పండగనాడు పొద్దుటి బస్సుకు తనే వస్తానని, కూతురు ఆ చీర కట్టుకుని చర్చిలో పాట పాడుతుంటే చూడాలని ఉందని కబురు కూడా చేసింది. వదిన ఆ చీరను బీరువాలోంచి తీయడం, ఒకసారి నిమిరి మళ్లీ పెట్టడం. రోజూ అదే పని.

"ఇంత ప్లెయిన్‌గా ఎట్టా కడతావు వదినా? రాళ్లు అతికిస్తాను, చూస్తూ ఉండు," అన్నాను.

"వద్దులే కరుణా. ఇట్టానే బాగుంది."

"నీకు తెలీదు వదినా. గుంటూరులో ఇప్పుడు ఇదే ఫ్యాషను."

"మా అమ్మ ఇష్టపడి కొన్న చీర..."

"ఇంకా ఇష్టపడుద్ది."

కొత్త కోడలు, ఆడపడుచును ఎంతని కాదంటుంది? ఊరుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వదిన చీర మీద నేను కళాపోషణకు దిగాను. నిజం చెప్పొద్దూ, వదిన నన్ను మెచ్చుకోవాలని నాకు మహా ఆశగా ఉండేది.

పండగ ముందురోజు పొద్దున్నే వదిన పాట ప్రాక్టీసుకు చర్చికి వెళ్లింది. నేను అరుగు మీద చీర పరిచాను. కొంగు నిండా చుక్కలు, అంచు వెంట తీగ. సగం కొంగు పూర్తయ్యేసరికి గమ్ము ట్యూబు అయిపోయింది. బుద్ధున్నవాళ్లు అక్కడ ఆగుతారు. నేను వీధి చివర సైకిల్ షాపుకు వెళ్లి, పంక్చర్లకు వేసే సొల్యూషన్ ట్యూబు తెచ్చాను. ట్యూబులో గాలినే ఆపేది రాయిని ఆపలేదా అన్నది నా లాజిక్కు. డిగ్రీ చదువుతున్నాను మరి.

రాళ్లయితే అంటుకున్నాయి. ఇక ఆరాలి. దండెం మీద వేస్తే తడి మీద రాళ్లు జారతాయి. పెరట్లో కోళ్లు. ఇంట్లోనా? మా వైపు డిసెంబరు వచ్చిందంటే ఇళ్లల్లో పత్తి కాపురం ఉంటుంది, మనుషులు ఓ మూల సర్దుకుంటారు. తీసిన పత్తంతా బేరం కుదిరేదాకా ముందు గదిలో కుప్ప. ఆ ఏడాది మా కుప్ప దూలాన్ని అందుకునేలా ఉంది. మంచాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

ఆ కుప్పను చూశాను. తెల్లగా, మెత్తగా, శుభ్రంగా ఉంది. ఇంతకంటే మంచి పరుపు చీరకు ఎక్కడ దొరుకుతుంది అనుకుని చీరను దాని ముందువైపు, నా చేతికందే మూలన జాగ్రత్తగా పరిచాను. కోడి ఏదన్నా ఎక్కి తొక్కుతుందేమోనని పైన గోనెపట్టా కూడా కప్పాను. అది కదలకుండా ఉండాలని పట్టా మీద మా రుబ్బురోలు పొత్రం పెట్టాను. తర్వాత చేతులు కడుక్కుని, చర్చి డెకరేషనుకు రంగు కాగితాలు కత్తిరించడానికి హాయిగా వెళ్లిపోయాను.

జార్జెట్ పల్చటి గుడ్డ అనీ, సొల్యూషన్ దాంట్లోంచి అవతలికి దిగుతుందనీ, దిగిన చోట పత్తి కాచుకుని ఉందనీ మీకు అప్పుడే తట్టింది కదా? నాకు తట్టలేదు.

మధ్యాహ్నం వచ్చి పట్టా తీసి కొంగు పట్టుకుని లాగాను. చీరతో పాటు కుప్ప కూడా లేచింది. వెనకాల ప్రతి రాయికీ ఓ గుప్పెడు పత్తి, గింజతో సహా, వేలాడుతోంది. చీర నీలంగా ఉండేదని చెబితే నమ్మాలి తప్ప చూస్తే తెలియదు.

అప్పుడే వదిన లోపలికొచ్చింది. చూసింది. వేలాడుతున్న ఒక గింజను వేలితో తాకి వదిలేసింది. ఆమె తిట్టినా బాగుండేది.

తిట్టడానికి మా అమ్మ ఉందిగా. "ఏందే ఇది? చీర ఆరేశావా, గొర్రెను పడుకోబెట్టావా?"

"పత్తి పీకేస్తే పోద్దమ్మా."

"పీకు, పీకు. నీ తెలివి కూడా దాంతోపాటే వస్తదేమో చూద్దాం."

పీకాను. పత్తి వచ్చింది, దాంతోపాటు రాయీ వచ్చింది. వచ్చిన రాయి ఎగిరి కుప్పలో పడింది. ఇంకోటి పీకాను, అదీ అంతే. గింజలు ఊడాయి కానీ నూగు మాత్రం అలాగే ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడాల్సింది ఊడక, ఉండాల్సినవన్నీ ఊడాయి.

సరిగ్గా ఆ టైములోనే పత్తి బేరగాడు శేషయ్యను వెంటబెట్టుకుని మా నాన్న వచ్చాడు. శేషయ్య అలవాటుగా కుప్ప ముందు మూలలో చెయ్యి దూర్చి గుప్పెడు పత్తి తీశాడు. వెలుతురులోకి తెచ్చి చూశాడు. పత్తి మెరిసింది.

"ఏమయ్యా యోహానూ, బరువు కోసం నీళ్లు కొట్టేవాళ్లను చూశాను. అద్దాలు కలిపేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా."

"అద్దాలేందయ్యా?" అని నాన్న కంగారుగా ఇంకో గుప్పెడు తీశాడు. అదీ మెరిసింది. నాన్న నెమ్మదిగా తల తిప్పి మా వైపు చూశాడు. అమ్మ నన్ను చూపించింది. వదిన చీరను చూపించింది. నేను నేలను చూశాను.

"కరుణా," అన్నాడు నాన్న. "రేపు పండగ. ఇవాళ నేనేమీ అనదలుచుకోలేదు. కూర్చుని ఏరు."

శేషయ్య మెరవని పత్తి వరకూ బేరం చేసి, ఆ మూలను వదిలేసి వెళ్లిపోయాడు. నేను ఏరుతూ కూర్చున్నాను. అమ్మ అరిసెలు వత్తుతూ నన్ను తిడుతోంది, నన్ను తిడుతూ అరిసెలు వత్తుతోంది. ఏరిన రాళ్లన్నీ బయట పారబోయబోతుంటే వదిన పౌడరు డబ్బా పట్టుకొచ్చింది.

"ఇందులో పొయ్యి. ఎప్పటికైనా పనికొస్తాయి," అంది. చీరను చూశాక ఆమె నాతో అన్న మొదటి మాట అది. క్షమించేసింది కాబోలనుకుని పొంగిపోయాను.

పండగ పొద్దున వదిన ఆ చీరే కట్టుకుంది. "వేరేది కట్టుకో అమ్మాయ్," అని అమ్మ బతిమాలింది.

"మా అమ్మ బస్సెక్కి వచ్చేది ఈ చీర కోసం అత్తయ్యా," అంది వదిన.

చర్చి గుమ్మం దగ్గర వాళ్లమ్మ కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇదేందే సునీతా? పత్తి తీసి చేలోంచి ఇట్టే వచ్చినట్టున్నావు?"

నేను అమ్మ వెనక్కి జరిగాను. వదిన నా వైపైనా చూడలేదు. "క్రిస్మస్ కదమ్మా, మంచు. నేనే అంటించుకున్నా," అంది.

అప్పటికప్పుడు ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు, కొత్త పరికిణీ నలుగుతుందని.

వదిన పాట ఎత్తుకుంది. గొంతు బ్రహ్మాండంగా ఉంది. కానీ ఊపిరి తీసుకున్నప్పుడల్లా కొంగు కదిలి నూగు లేస్తోంది. పల్లవి అయ్యేసరికి తబలా ఆయన ముక్కు నలుపుకున్నాడు. చరణంలో తుమ్మాడు. రెండో చరణంలో తాళం తక్కువ, తుమ్ములు ఎక్కువ. అయినా వదిన ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడింది. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. ఆనందానికో, నూగుకో నేను అడగలేదు.

ఆ తర్వాత ఆ చీర సంగతి వదిన మళ్లీ ఎత్తలేదు. నేను మర్చిపోయాను, ఆమె కూడా మర్చిపోయిందనుకున్నాను. ఇంతకంటే పెద్ద పొరపాటు నా జీవితంలో ఇంకోటి లేదు, సొల్యూషన్‌తో సహా.

కొన్నేళ్లకు నా పెళ్లయింది. మావైపు ఆడపిల్లతో పరుపులు కూడా పంపుతారు. "ఆడపడుచు పరుపు నేనే దగ్గరుండి కుట్టిస్తా," అని వదిన ముందుకొచ్చింది. మంచి పత్తికి గింజ తీయించింది, ఏకించింది, పూల గుడ్డ తొడిగించింది. అంత ప్రేమ చూసి నేను అందరి ముందూ ఏడ్చాను కూడా.

అత్తారింట్లో మొదటి ఆదివారం. అన్నం తిన్నాక మా అత్తగారు, "కొత్త పరుపంట, మెత్తగా ఉంటదేమో చూద్దాం," అని దాని మీద నడుం వాల్చారు. వాల్చినంత సేపు కూడా పట్టలేదు, లేచి కూర్చున్నారు.

"అమ్మాయ్, మీ పరుపులో చీమలున్నాయా?"

"లేవు అత్తయ్యగారూ."

ఆమె తడిమి తడిమి, కుట్టు సందులోంచి గోటితో ఒకదాన్ని బయటికి లాగి వెలుతురుకు పెట్టి చూశారు. అది మెరిసింది.

"మీవాళ్లు పరుపులో రాళ్లు పోసి పంపారేమిటమ్మా?"

నేను పరుగున టెలిఫోన్ బూత్‌కు వెళ్లి పుట్టింటికి కలిపాను. వదినే ఎత్తింది.

"వదినా, పరుపు..." అన్నాను.

చాలా ఓపిగ్గా, "గుచ్చుకున్నాయా?" అంది. "ఎవరికి?"

కాబట్టి బుద్ధిగా కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ గుడ్డకూ రాయి అతికించను. పొరపాటున అతికించినా, అది మా వదిన గుడ్డ కాకుండా చూసుకుంటాను.