ముల్లు ఎరుపులో ఉన్నా పోవచ్చు

నిన్న బ్యాంకుకి వెళ్తుంటే కారులో వేడెక్కిన రబ్బరు వాసన వచ్చింది. వెంటనే ముందు పసుపు దీపం వెలిగింది. సర్వీసు కుర్రాడికి ఫోన్ చేస్తే, ‘‘బండి కదపకండి మేడమ్, కంప్యూటర్ పెట్టి చూడాలి’’ అన్నాడు. నేను మాత్రం మోకాళ్ళు పట్టుకుని దిగి, బానెట్ ఎత్తి, నీళ్ళ గొట్టం మీద చెయ్యి తిరగేసి ఆనించాను. నాకు అరవై దాటాయి. దీపాలతో వాదించే ఓపిక కూడా లేదు. అయినా చెయ్యి తనంతట తనే వెళ్ళింది. ఆ అలవాటు అప్పలస్వామి మావయ్యది.

ఎనభైల మొదట్లో మాది టాటానగర్ రైల్వే క్వార్టర్స్. నాన్న గూడ్సు బళ్ళకి గార్డు. పక్కింటి అప్పలస్వామి డీజిల్ షెడ్డులో ఎలక్ట్రికల్ ఫిట్టరు, శ్రీకాకుళం వైపు మనిషి. అమ్మదీ అటే, ఆయన్ని అన్నయ్యా అనేది కాబట్టి నాకు మావయ్య. నేను హిందీలో జవాబిస్తే, ‘‘నీ నాలిక్కి ఏటయినాదే?’’ అని మొట్టికాయ వేసేవాడు. ఆ ఏడు అమ్మకి చక్కెర జబ్బుతో పాదం పుండు పడింది. రోజు విడిచి రోజు బిష్టుపూర్ ఆస్పత్రికి వెళ్ళి కట్టు మార్పించాలి. ‘‘నాగా పడితే మోకాలి దాకా తీసెయ్యాలి’’ అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. రిక్షా ఎక్కిస్తే గతుకులకి పుండు రేగి కట్టంతా తడిసిపోయేది. అందుకే నాన్న ఒక ముసలి కారు కొన్నాడు.

కొన్న నెలకే కారుకీ జబ్బు చేసింది. తాళం తిప్పడం తరువాయి, వేడి చూపించే ముల్లు ఎరుపులోకి ఎగబాకి అక్కడే కూర్చునేది. మెకానిక్ ఇంజను విప్పాలన్నాడు, పదిహేను రోజులన్నాడు. నాన్న కారు కదపనన్నాడు. సర్వీసులో ఒక్కసారీ ఎర్ర దీపం దాటని మనిషి. మర్నాడు కట్టు మార్చే రోజు. అమ్మ మంచం మీద కాలు చూసుకుంటూ కూర్చుంది. నాకు నాన్న మీద ఒళ్ళు మండిపోయింది.

షెడ్డు నుంచి వచ్చిన మావయ్య టీ కూడా తాగకుండా బానెట్ ఎత్తాడు. ఇంజనుకి బిగించిన ఇత్తడి బుడిపె మీద నుంచి తీగ పీకాడు. ముల్లు కిందికి పడిపోయింది. ‘‘తీగ మంచిదే’’ అన్నాడు. ఆ బుడిపే ఇప్పటి మాటలో సెన్సరు. దాన్ని విప్పి, వంటింట్లోంచి గిన్నెడు చన్నీళ్ళు తెమ్మని, అందులో ముంచాడు. తీగ మళ్ళీ తగిలించి, బుడిపె నుంచి ఇంకో తీగ కారు ఇనుముకి కలిపి, నన్ను తాళం తిప్పమన్నాడు. ముల్లు మళ్ళీ ఎరుపులోకి పోయింది.

‘‘సూసినారా గార్డు బాబూ? సన్నీళ్ళని పట్టుకుని మరుగుతున్నాయంటంది. ముల్లుదేటి తప్పు? కబురు సెప్పేదే అబద్దాలకోరు.’’

‘‘మరైతే ఆ తీగ పీకేద్దాం మావయ్యా’’ అన్నాను.

‘‘వద్దమ్మా. పీకేత్తే ముల్లు సల్లగా పడుంటాది. లోపల ఉడికిపోతన్నా తెల్దు. అది ఇంకా మోసం. ఎర్రగా ఉంటే బయమేనా ఉంటాది, సెయ్యెట్టి సూత్తారు.’’

నాన్న తల అడ్డంగా ఊపాడు. ‘‘ఎరుపు ఎరుపే.’’

‘‘సిగ్నలు సెడిపోతే రైళ్ళన్నీ ఆగిపోతాయేటి బాబూ?’’

‘‘ఆగవు. స్టేషను మాస్టరు కాగితం రాసిస్తారు. కాగితం ఉంటే పోతాం.’’

మావయ్య నా నోటుపుస్తకంలో పేజీ చింపి రాశాడు: ‘ముల్లు చెడిపోయినది. ఎరుపులో ఉన్నా పోవచ్చు. నెమ్మదిగా పోవలెను. దారిలో రెండుసార్లు ఆగి చెయ్యి పెట్టి చూడవలెను.’ కింద సంతకం, టైము. నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ ఎన్నాళ్ళకో నవ్వింది.

మర్నాటి నుంచి జుగ్సలాయ్ దాటాక ఓసారి, బిష్టుపూర్ మొదట్లో ఓసారి కారు ఆగేది. దిగి గొట్టం మీద చెయ్యి పెట్టే పని నాది. ఒక్క కట్టూ నాగా పడలేదు. పదో రోజున మావయ్య ఇంకో బుడిపె సంపాదించి, దాన్నీ వేణ్ణీళ్ళలో ముంచి పరీక్ష పెట్టి మరీ బిగించాడు. అమ్మకి రెండు వేళ్ళు పోయాయి, కాలు దక్కింది.

మరుసటి వేసవిలో మావయ్య మా మూడు మెట్లెక్కడానికి కూడా ఆగి గోడ పట్టుకునేవాడు. ‘‘ఒంట్లో బాగోలేదా?’’ అని అడిగాను. ‘‘బాగున్నాదమ్మా. నాకేటి, ఇనుముని!’’ అన్నాడు. నేను చదువుకోవడంలో పడిపోయాను. ఒక మధ్యాహ్నం షెడ్డులో గోడకానుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. ఎప్పటినుంచో ఉందట.

వాళ్ళిల్లు పక్కదే అయినా, ఇంకా కుంటుతున్న అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళబోయాను. విదిలించుకుంది. ‘‘అన్నయ్య నిలబెట్టిన కాలిది. నాను నడిసే ఎల్తాను’’ అంది.

నాన్న పోయాక ఆయన పర్సులో ఆ కాగితం దొరికింది. ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇంట్లో ఎవరైనా ‘బాగున్నాను’ అంటే నేను నమ్మను. విసుక్కున్నా సరే, నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాను. మావయ్యకి ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు.