పేరు లేని కవర్లు

మొన్న బడి నుంచి వచ్చిన మా మనవరాలు పుస్తకాల సంచి దింపీ దింపకముందే, పర్యావరణం పాఠానికి పాత పేపరుతో కిరాణా సంచి చేసి తెమ్మన్నారట, చేసిపెట్టు తాతా అంటూ నా ముందు చతికిలబడింది. పాన్‌గల్ వదిలి వనపర్తిలో కొడుకు దగ్గరికి వచ్చాక నాకు పని చెప్పేవాళ్ళు తక్కువ, అందుకని సంబరంగానే కత్తెర, జిగురు తెప్పించుకున్నాను. పక్కలు బాగానే అతికాయి గాని అడుగు మడత దగ్గర చేతులు ఆగిపోయాయి. ఎటు మడిచినా ఒక మూల తెరుచుకునే ఉంది. అట్లాంటి సంచులు ఎన్నో ఏళ్ళపాటు, రోజూ, నా కళ్ళెదుటే తయారయ్యాయి. ఒక్కటి కూడా నేను చేసి ఎరుగను. పిల్ల విసుక్కుని వాళ్ళమ్మ దగ్గరికి పోయింది, ఇద్దరూ సెల్‌ఫోన్‌లో చూసి చేసుకున్నారు. నేను మాత్రం ఆ కాగితాన్ని విప్పి, మడతలు సాపు చేసి, మళ్ళీ మొదటి నుంచి మడవబోయాను.

పాన్‌గల్‌లో మా నాన్న నడిపిన కిరాణా దుకాణానికి ఆ సంచులు చేసింది మా చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు. చిన్నాయన పెళ్ళయిన కొన్నేళ్ళకే బావి పనిలో పోయాడు. పిల్లలు లేరు. ఆమెకున్నది ఒక బర్రె, రెండు చేతులు. పొద్దున పాలు పోసి వచ్చి, మధ్యాహ్నం దుకాణం వెనక అరుగు మీద పాత పేపర్లు, బడి నుంచి వచ్చిన పాత పరీక్ష కాగితాలు ముందేసుకుని కూర్చునేది. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపేది, పురుగు పట్టకుండా. ఆ పరీక్ష కాగితాలతో ఒకసారి తమాషా జరిగింది. చక్కెర తీసుకుపోయిన ఒక పంతులుగారి భార్య ఇంటికి పోయి సంచి విప్పితే, లోపల ఆమె కొడుకు లెక్కల కాగితమే ఉందట, సున్నా మార్కుతో సహా. ఆ సాయంత్రం పంతులుగారి ఇంట్లో మోగిన మోత చెప్పుకుని మా నాన్న వారం రోజులు నవ్వాడు.

నా ఈడు వాళ్ళకు ఇదంతా చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో దుకాణానికి ఉత్త చేతులతో వచ్చేవారు తక్కువ. భుజాన గుడ్డసంచి, చేతిలో మెడకు తాడు కట్టిన నూనె సీసా ఉండేవి. ఏదీ తేని ఆడవాళ్ళు కొంగులోనే పప్పు పోయించుకుని ముడి వేసుకుని పోయేవారు. ఇళ్ళలో చెత్తబుట్ట అనే వస్తువే లేదు. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు బర్రె కుడితిలోకి, పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి, చినిగిన చీరలు బొంతలోకి, పేడ పెంటకుప్ప మీదికి, ఎండాకాలం రాగానే ఆ పెంటంతా బండ్ల మీద చేలకు పోయేది. ఇప్పుడు పుస్తకాల్లో పాఠాలుగా చెబుతున్న ఈ సంగతులకు అప్పుడు మేము పేరు కూడా పెట్టలేదు.

నాన్నకు మోకాళ్ళ నొప్పులు ముదిరి, గల్లాపెట్టె దగ్గర నేను కూర్చున్న ఏడాది, సరుకులకు గద్వాల పోయినప్పుడు మొదటిసారి ప్లాస్టిక్ కవర్లు చూశాను. మల్లెపువ్వులా తెల్లగా, ఊదితే ఎగిరిపోయేంత తేలికగా, నీళ్ళు పోసినా కారకుండా ఉన్నాయి. దుకాణం పేరు కూడా అచ్చు వేసి ఇస్తామన్నారు. ఎర్ర అక్షరాలతో నాన్న పేరు కొట్టించి, బస్సులో ఆ కట్టలు ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ఆ రోజు నా అంత మొనగాడు పాన్‌గల్‌లో లేడనుకున్నాను. నాన్న ఒక కవరు చేతిలోకి తీసుకుని, తన పేరు మీద వేలితో నిమిరి, మెల్లగా అన్నాడు:

"సంచి తెచ్చుకునేటోళ్ళకు అలవాటు తప్పిస్తున్నవ్‌రా. మళ్ళ నేర్పియ్యాలంటే నీతోని కాదు."

ముసలితనం చాదస్తం అనుకున్నాను. జనం ఎగబడ్డారు. మొదట్లో ఆ కవర్లను మడిచి పరుపు కింద దాచుకున్నవాళ్ళే ఏడాది తిరిగేసరికి అంగడి వెనక పారేయడం మొదలుపెట్టారు. చిన్నమ్మకు నేను పని లేదని నోటితో చెప్పలేదు. ఆమె కోసం పాత కాగితాలు కొనడం మానేశాను, అంతే. ఒక మధ్యాహ్నం వచ్చి, ఉత్త అరుగు మీద కాసేపు కూర్చుని, లేచి ఇంటికి వెళ్ళిపోయింది. పది పదిహేను రోజులకు, పుణె పోయే మేస్త్రి గుంపులో పేరు రాయించుకున్నానని చెప్పడానికి వచ్చింది, బర్రెను తోలుకుని.

"నీ దుకానం మంచిగ నడవాలె బిడ్డా. నాకేంది, రెక్కలున్నయి. దీన్ని జర జూస్కో. కుడితి పోస్తే సాలు, ఇంకేం అడగది."

అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఆ వయసులో ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని మేడలెక్కడానికి పోతున్న మనిషిని ఆపాలని నాకు తోచలేదు. బర్రెను మాత్రం పెరట్లో కట్టేశాను. కొన్ని నెలలు శ్రద్ధగానే చూసుకున్నాను. తర్వాత పండుగ గిరాకీలో పడి, ఊళ్ళో పశువులతో పాటు అదే మేసి వస్తుందిలే అని విప్పేయడం అలవాటు చేసుకున్నాను. అది మేతకు ఎక్కడికి పోతోందో ఒక్కనాడూ చూడలేదు.

ఒక రోజు అది కుడితి ముట్టలేదు. నెమరు ఆగింది. కడుపు డోలులా ఉబ్బింది. వాము, ఇంగువ, ఊళ్ళో వాళ్ళు చెప్పిన పసర్లన్నీ పోశాం. మూడోనాడు పశువుల డాక్టరు వచ్చేసరికి అది గుంజ పక్కనే కాళ్ళు బారచాపి పడిపోయింది, చూస్తుండగానే పోయింది. అంటురోగమేమోనని నేను భయపడితే, ఆయన కడుపు కోసి చూస్తానన్నాడు. చేతులు మోచేతి దాకా లోపలికి పెట్టి, తాడులా మెలికలు పడిన ఒక పెద్ద ముద్దను బయటికి లాగాడు. నీళ్ళు పోసి విడదీస్తే అన్నీ కవర్లే.

"రోగం కాదు, గిదీ సంగతి," అన్నాడు.

ఒక కవరు మీద ఎర్ర అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కర్ర పట్టుకుని నిలబడ్డ నాన్న వంగి తన పేరు తాను చదువుకున్నాడు. లోపలికి పోయి ఆ పూట అన్నం తినలేదు.

ఉగాదికి చిన్నమ్మ ఊరికి వచ్చింది. చిక్కిపోయింది, అరచేతులు సున్నానికి పగిలిపోయాయి. నేరుగా పెరట్లోకి పోయి ఖాళీ గుంజను చూసి, నా ముఖం వైపు చూసింది. ఏదో రోగమొచ్చిందని చెప్పాను. అబద్ధం నా నోట్లోంచి అంత సునాయాసంగా ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పక్కన నాన్న ఉన్నాడు, తల వంచుకున్నాడు. చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యేసింది.

"పానం ఉన్నదానికి పోవుడు ఉండనే ఉంటది. నువ్వేం జేస్తవ్ బిడ్డా, మనసుల పెట్టుకోకు."

ఇంకో బర్రెను కొనిస్తానంటే, చూసుకునే దిక్కేదని వద్దంది. మళ్ళీ పుణె పోయింది. రెండేళ్ళ తర్వాత, జ్వరమొచ్చి అక్కడి దవాఖానలో పోయిందని మేస్త్రి కబురు తెచ్చాడు. అప్పటికే అక్కడే దహనం చేసేశారు. నిజం చెప్పడానికి నాకు మనిషి మిగల్లేదు.

ఇక్కడితో నేను మారిపోయానని రాస్తే బాగుండేది. బర్రె పోయాక రెండు నెలలు కవర్లు మానేసి, సంచి తెచ్చుకోండని వచ్చినవాళ్ళందరినీ బతిమాలాను. కొందరు నవ్వారు, ఎక్కువమంది ఎదుటి దుకాణానికి పోయారు. నాన్న అన్నట్టే అయింది. చివరికి మళ్ళీ గద్వాల పోయి కవర్లు తెచ్చాను. ఈసారి పేరు వేయించలేదు. నేను చేసిన దిద్దుబాటు అంతే. దుకాణం మూసేదాకా ఆ పేరు లేని కవర్లలోనే ఊరికి ఉప్పూ పప్పూ ఇచ్చాను.

ఇప్పుడు కూరగాయలకు గుడ్డసంచి, మాంసానికి స్టీలు డబ్బా పట్టుకుపోతాను. కాగితపు కప్పులో చాయ్ తాగను. మిద్దె మీద పాత డ్రమ్ములో తొక్కలు కుళ్ళబెట్టి మొక్కలకు వేస్తాను. మా వీధిలో ఇద్దరు ముగ్గురు నన్ను చూసి సంచి పట్టుకుంటున్నారు, మిగిలినవాళ్ళకు నేనొక పిసినారి ముసలివాణ్ణి. ఇవి చేయదగ్గ పనులే, కష్టమైనవి కూడా కావు, అందరూ చేస్తే మంచిదే. కానీ వీటితో నా మనసు తేలికపడిందని మాత్రం చెప్పలేను.

మా నాన్న కాలంలో తూకం తప్పిందని తెలిస్తే, ఎంత దూరమైనా మనిషిని పంపి, తక్కువైన సరుకు ఇంటికి చేర్చి, తప్పైందని చెప్పించేవాడు. అప్పట్లో దుకాణంలో జరిగే పొరపాట్లు అంతటివే, తెల్లారితే దిద్దుకోగలిగేవి. నేను చేసినదాన్ని ఎవరి గడపకు తీసుకుపోయి దిద్దుకోవాలో, ఇన్నేళ్ళయినా నాకు తెలియడం లేదు.