రహీం గారి పచ్చనీళ్లు

మొన్న మేడ మీద నీళ్ల ట్యాంకు కడిగిస్తుంటే పాకుడు పట్టిన నీళ్ల పచ్చివాసన గుప్పుమంది. వెంటనే రహీం గారు గుర్తొచ్చారు. అరవైల్లో సింగరాయకొండ దగ్గర సముద్రపొడ్డున, తాటాకుల షెడ్డులో నాకు పని నేర్పిన మత్స్యశాఖ ఆఫీసరు ఆయన. గాజుసీసాల్లో కంటికి ఆనని నాచు పెంచి రొయ్యపిల్లలకు మేతగా పెట్టేవారు. ఒడ్డునీళ్లు మురికివనీ, లోతునీళ్లలోనే శుభ్రమూ సత్తువా ఉంటాయనీ ఆయన నమ్మకం.

ఆ నీళ్లు తెచ్చేది పోలయ్య. నాలుగో తరగతి దాటని జాలరి. తెప్ప మీద దూరం పోయి, బిరడా బిగించిన సీసాను ఇరవై బారల లోతుకు దించి, అక్కడ రెండో తాడుతో బిరడా లాగి నింపుకొచ్చేవాడు. నేనేమో పర్చూరు మిరపరైతు కొడుకుని, బి.ఎస్సీ. ప్యాసైనవాణ్ణి. ఇద్దరికీ చెరో నాచుసీసా, చెరో రొయ్యపిల్లల తొట్టె ఇచ్చారు. రహీం గారు పొద్దున్నే పోలయ్య సీసానే ముందు వెలుతురుకి ఎత్తి, "ఏం పోలయ్యా, ఇవాళ రంగెలా ఉందంటావ్?" అని అడిగేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆయనకు బదిలీ అయింది. వెళ్లేముందు విత్తనపు సీసా, అంటే ప్రతి కొత్త సీసాకీ తోడు వేసే అసలు నాచు, మాలో ఒకరికి అప్పగిస్తానన్నారు. అది నాకే దక్కాలి. తోటలో మొక్క పాలిపోతే మా నాన్న ఏం చేసేవాడో నేనూ అదే చేశాను. చిటికెడు ఎరువు వేయాల్సిన చోట చెంచాడు వేశాను. మూడు రోజులు నా సీసా ముందు పోలయ్యది వెలవెలబోయింది. నా కడుపు చల్లబడింది. నాలుగో రోజు నా నీళ్లు పసుపెక్కి కంపు కొట్టాయి. నా తొట్టెలో రొయ్యపిల్లలకు మేత లేకుండా పోయింది.

"మిరపతోటయితే మిగిలిన ఎరువు మన్ను దాచుకుంటుందయ్యా. నీళ్లు దాచుకోలేవు," అన్నారు రహీం గారు. అంతే. తిట్టినా బాగుండేది.

పోలయ్య తన సీసా ముందుకు జరిపాడు. "సగం వంచుకోండి బాబూ. పిల్లలు ఆకలికి ఆగవు."

వంచుకున్నాను. ఆ మంచితనానికి ఇంకా కుళ్లుకున్నాను. విత్తనపు సీసా అతనికే దక్కింది.

ఆ తర్వాత నాకు పని వచ్చింది, పెద్ద ఉద్యోగమూ వచ్చింది. ఎరువు మళ్లీ చిటికెడు మించనివ్వలేదు. అసూయ మాత్రం చావలేదు. రహీం గారి శిష్యుల్లో ఎవరు గొప్పని ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అడుగుతూ ఉంటారు. పోలయ్య పోయి పదేళ్లయింది. నిన్న కూడా "నేనే" అన్నాను.